పాత బుల్లెట్‌ను ట్యూనింగ్‌కి ముందు రోజు సాయంత్రమే ఇచ్చేయండి

పాత క్యాస్ట్ ఐరన్ (పోత ఇనుము) ఇంజిన్ బుల్లెట్ ఉన్నవాళ్లకు ఒక మాట. కార్బురేటర్ ట్యూనింగ్‌కి ఇవ్వాలంటే బండిని ముందు రోజు సాయంత్రమే మెకానిక్ దగ్గర వదిలేయండి. కార్బురేటర్ కంటే ముందు ట్యాపెట్లు (వాల్వులను కదిపే భాగాలు) చూడాలి, ఈ ఇంజిన్‌కి అవి పూర్తిగా చల్లారాకే చూడాలి. పిస్టన్ కంప్రెషన్‌లో పైకి వచ్చినప్పుడు పుష్‌రాడ్లు (ట్యాపెట్ల మీద ఉండే పొడవాటి కడ్డీలు) వేళ్లతో తిప్పితే తిరగాలి, కానీ కిందకీ పైకీ ఆడకూడదు. పొద్దున్నే నడుపుకుంటూ వెళ్తే ఆ వేడి మీద సెట్ చేసింది సరిగా కుదరదు. కార్బురేటర్ సంగతి దీనికి పూర్తిగా రివర్స్. ఇంజిన్ బాగా వేడెక్కాకే ఎయిర్ స్క్రూ (పెట్రోల్‌లో కలిసే గాలిని సరిచేసేది), ఐడ్లింగ్ సెట్ చేయాలి.

అందుకే బుల్లెట్లు బాగా తెలిసిన మెకానిక్ నేరుగా స్క్రూడ్రైవర్ పట్టుకోడు. ముందు ట్యాపెట్లు, తర్వాత పాయింట్ల (ప్లగ్‌లో స్పార్క్ వచ్చేలా తెరుచుకుని మూసుకునే కాంటాక్టులు) గ్యాప్ (0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు), స్పార్క్ టైమింగ్, ఎయిర్ ఫిల్టర్, చివరికి కార్బురేటర్. నేను ఈ వరస తెలియక రెండేళ్లు ఊరికే స్క్రూలు తిప్పించుకున్నాను. అసలు లోపం పాయింట్లలో ఉంది!

ట్యూనింగ్ అయ్యాక మీరే ఓ పది కిలోమీటర్లు నడిపి, ఇంజిన్ ఆపి, ప్లగ్ విప్పించి చూడండి (చెయ్యి కాలుతుంది, జాగ్రత్త). లేత గోధుమ రంగులో ఉంటే బాగున్నట్టే. నల్లగా మసి పడితే పెట్రోల్ ఎక్కువ పోతోంది. తెల్లగా ఉంటే పెట్రోల్ తక్కువ పోతున్నట్టు, అలాగని మైలేజీ బాగుందని సంబరపడి వదిలేయకండి, ఇంజిన్ వేడెక్కి పిస్టన్ పట్టేసే ప్రమాదం ఉంది. వెంటనే మళ్లీ సరిచేయించండి.