మైనర్ లీగ్ బేస్‌బాల్ జట్టు చరిత్ర రాయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మైనర్ లీగ్ అంటే అమెరికాలో మేజర్ లీగ్‌కు కింది స్థాయి పోటీలు. వాటిలోని జట్టు పేరు పట్టుకుని వెనక్కి వెళ్లకండి, దారి తప్పుతారు. ఊరు పట్టుకుని వెళ్లండి. నార్త్ కరోలినాలోని డర్హమ్‌లో 1902లో మొదలైన జట్టు పేరు టొబాకోనిస్ట్స్, ఎందుకంటే అది పొగాకు మీద బతికిన ఊరు. దాని ఇప్పటి పేరు బుల్స్ 1913లో గానీ రాలేదు, కాబట్టి ఆ పేరుతోనే వెతికితే మొదటి అధ్యాయం దొరకదు.

తర్వాత ఒక పట్టిక గీసుకోండి. ఏడాది, పేరు, లీగ్, స్థాయి, ఏ మేజర్ లీగ్ జట్టుకు అనుబంధం. ఈ చివరి గడి బద్ధకించకుండా నింపాలి, ఆటగాళ్లను పంపేదీ వెనక్కి పిలిచేదీ ఆ పెద్ద జట్టే. 2020 గడి ఖాళీగా ఉంటే కంగారు పడకండి, కోవిడ్ వల్ల ఆ ఏడాది సీజనే జరగలేదు. 2021లో అనుబంధ జట్లను 120కి తగ్గించారు, చాలా ఊళ్ల కథ అక్కడే మలుపు తిరిగింది.

ఇక అసలు రుచి పాత స్థానిక పత్రికల్లో ఉంటుంది. ఆట మొదలైన తేదీ ఒక్కటే చూసి ఆగిపోవద్దు. 1981 ఏప్రిల్ 18న పాటకెట్, రోచెస్టర్ జట్ల ఆట మొదలై, తెల్లవారుజామున నాలుగు దాటాక 32 ఇన్నింగ్స్ (మామూలుగా తొమ్మిదే) దగ్గర ఆగింది, అప్పటికి స్టాండ్స్‌లో 19 మందే మిగిలారు! జూన్ 23న మళ్లీ మొదలుపెడితే 18 నిమిషాల్లో పాటకెట్ 3-2తో గెలిచింది. ఏప్రిల్ పత్రికలే తిరగేస్తే గెలిచిందెవరో తెలియదు.

ఆ పాటకెట్ జట్టే 2021లో వూస్టర్‌కు మారిపోయింది. ఇలాంటప్పుడు నా పద్ధతి, రెండు ఊళ్లకూ వేర్వేరు పట్టికలు.