ఇంటి చుట్టూ ఒక కిలోమీటరు: బెంగళూరు వసంతాన్ని నడిచి చూడడం, ఫొటో తీయడం, వండుకోవడం

పంచాంగం ప్రకారం వసంతం చైత్రమాసంతో మొదలవుతుంది గానీ, బెంగళూరులో సంక్రాంతి వెళ్లిన రెండు మూడు వారాలకే చెట్లు పూతకు వస్తాయి. అనంతపురం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన నాకు ఈ సంగతి తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది. మా వైపు ఉగాది నాటికే ఎండ ముదిరి ఉంటుంది కాబట్టి, వసంతమంటే మామిడాకుల తోరణం, పచ్చడి, పంచాంగ శ్రవణం తప్ప బయటికి వెళ్లి చూడవలసినది ఒకటుందని నేను అనుకోలేదు. సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉన్న ఈ ఊళ్లో మాత్రం ఫిబ్రవరి, మార్చి నెలల ఉదయాలు నడకకు చక్కగా అనువుగా ఉంటాయి. ఆ ఉదయాలను ఎలా వాడుకోవాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

చాలామంది చేసే పని ఏమిటంటే, ఎవరో పంపిన ఫొటోలో గులాబీ రంగు చెట్టును చూసి, ఆదివారం నాడు ఊరికి ఆ చివరన ఉన్న ఆ వీధికి బయలుదేరడం. ట్రాఫిక్ దాటుకుని అక్కడికి చేరేసరికి పూలు సగం రాలిపోయి ఉంటాయి, ఎండ నడినెత్తికి వచ్చి ఉంటుంది. ఒక్కో చెట్టు నిండుగా ఉండేది మహా అయితే వారం, పది రోజులు. అందుకని నేను చెప్పేది ఒక్కటే: పూత కోసం ఊరంతా తిరగకండి. మీ ఇంటి చుట్టూ ఒక కిలోమీటరు దారి ఎంచుకుని, జనవరి చివరి నుంచి ఏప్రిల్ చివరి దాకా వారానికి ఒకసారి, వీలైతే రెండుసార్లు, అదే దారిలో, అదే వేళకు నడవండి.

ఈ పద్ధతి ఇక్కడ ఫలించడానికి కారణం ఈ ఊరి చెట్లను నాటిన తీరులోనే ఉంది. 1908లో లాల్‌బాగ్‌కు వచ్చిన జర్మన్ ఉద్యానవేత్త గుస్తావ్ హెర్మన్ క్రుంబీగల్, ఒక జాతి పూత ముగిసేసరికి మరొక జాతి పూతకు వచ్చేటట్టుగా వీధుల వెంట చెట్లు నాటించే ఆలోచనను ఇక్కడ ప్రవేశపెట్టాడు. తర్వాత 1980లలో అటవీ అధికారి ఎస్.జి. నెగినహాళ్ చొరవతో నగరంలో సుమారు 15 లక్షల మొక్కలు నాటారు. మనం ఈనాడు చూస్తున్న టబెబుయా, జకరండా చెట్లు దక్షిణ అమెరికా, మధ్య అమెరికా ప్రాంతాల నుంచి వచ్చినవే అయినా, వాటి పక్కనే మన కానుగ, వేప, మామిడి కూడా ఉన్నాయి. కళ్లకు విందు చేసేవి మొదటివి. వంటింటికి దారి చూపేవి రెండోవాటిలోని వేప, మామిడి. మీరు ఎంచుకునే దారిలో రెండు రకాలూ ఉండేటట్టు చూసుకోండి.

జయనగర్, బసవనగుడి, మల్లేశ్వరం వంటి పాత పేటల్లో ఉండేవారికి ఇది కష్టం కాదు. కొత్తగా కట్టిన అపార్టుమెంట్ల మధ్య ఉండేవారు దగ్గరలోని చెరువు గట్టునో, పార్కునో ఎంచుకోవచ్చు. దారిలో కనీసం ఒక టబెబుయా, ఒక కానుగ, ఒక వేప, ఒక మామిడి ఉంటే చాలు. చింతచెట్టు కూడా ఉంటే మీ అదృష్టం. మొదటి రోజు ఫోన్‌ను జేబులోనే ఉంచి, ఏ చెట్టు ఎక్కడుందో, దాని మీద ఉదయపు ఎండ ఎటు నుంచి పడుతుందో చూసి, ఇంటికి వచ్చాక ఒక కాగితం మీద రాసుకోండి. ఆ కాగితం మీకు మూడు నెలలు పనికొస్తుంది.

ఫిబ్రవరిలో టబెబుయాలు ముందుగా కనిపిస్తాయి: ముదురు గులాబీ, లేత గులాబీ, ఆ తర్వాత పసుపు. పొడి వాతావరణంలో ఆకు రాల్చేసి, ఉత్త కొమ్మల మీదనే పూయడం వీటి స్వభావం కాబట్టి ఆకు అడ్డం లేకుండా చెట్టంతా రంగుతో నిండిపోతుంది. అదే రోజుల్లో బూరుగు చెట్టు ఎర్రటి మందపు పూలతో ఉంటుంది. ఆ పూలలోని తేనె కోసం గోరింకలు, కాకులు, ఉడుతలు పొద్దున్నే చేరుతాయి. మార్చికి జకరండా ఊదారంగు వస్తుంది, వేప పూతకు వస్తుంది, కోయిల గొంతు విప్పుతుంది. ఏప్రిల్‌లో తురాయి, రేల పూలు మొదలవుతాయి.

వీటన్నిటికంటే నేను ఎక్కువగా ఎదురుచూసేది మాత్రం కానుగ చిగురు కోసం. కన్నడంలో హొంగె అంటారు. వారం క్రితం మోడుగా, దుమ్ముకొట్టుకుని నిలబడ్డ చెట్టు, మరుసటి వారం వెళ్లేసరికి లేత ఆకులతో మెరుస్తూ ఉంటుంది. మొదటి రెండు మూడు రోజులు చిగురు కొసలు రాగిరంగులో, పసిపిల్లల చెవి తమ్మెలంత మెత్తగా ఉంటాయి. తర్వాత అరటి మొవ్వు ఆకు రంగుకు తిరుగుతాయి. ఉదయం ఏడు గంటల వేళ చెట్టు కింద నిలబడి పైకి చూస్తే, ఎండ ఆ ఆకుల గుండా వడపోసుకుని దిగి, మీ చొక్కా మీద కూడా లేత పచ్చ నీడ పడుతుంది. ఏ పువ్వూ లేని ఈ దృశ్యాన్ని చాలామంది దాటి వెళ్లిపోతారు. అదే దారిలో ప్రతి వారం నడిచినవారికే అది దొరుకుతుంది.

ఇక ఫొటోల సంగతి. మంచి ఫోన్ ఉంటే చాలు, పెద్ద కెమెరా అక్కరలేదు. మార్చి మధ్యలో ఇక్కడ సూర్యోదయం ఆరున్నరకు కాస్త ముందు అవుతుంది. అప్పటి నుంచి ఎనిమిది దాకా వెలుగు మెత్తగా ఉంటుంది. రాలిన పూలను తీయాలనుకుంటే ఇంకా ముందుగా వెళ్లండి, ఎందుకంటే పౌరకార్మికులు వీధులు ఊడ్చే వేళ కూడా అదే. ఒకరోజు జకరండా కింద రోడ్డంతా ఊదాపూలు పరుచుకుని ఉంటే, ముందు చెట్టు కొమ్మను తీద్దామని ఐదు నిమిషాలు అటు తిరిగాను. ఇటు తిరిగేసరికి పూలన్నీ కుప్పగా చేరాయి. అప్పటి నుంచి నేను ముందుగా నేల మీదివి తీసి, ఆ తర్వాతే తల పైకెత్తుతున్నాను.

నేల మీది పూలకు ఒక చిన్న కిటుకు ఉంది. ఫోన్‌ను తలకిందులుగా పట్టుకుంటే లెన్స్ నేలకు రెండు మూడు అంగుళాల ఎత్తులోకి వస్తుంది. దగ్గరలో ఉన్న ఒక్క పువ్వు మీద వేలు పెట్టి ఫోకస్ చేస్తే, మిగతావన్నీ వెనక రంగుల చాపలాగా పరుచుకుంటాయి. నిలబడి కిందికి చూస్తూ తీసిన ఫొటోలో ఆ లోతు ఎప్పటికీ రాదు.

చెట్టు మీది పూలకు వేరే జాగ్రత్త కావాలి. తెల్లటి ఆకాశం వెనకాల ఉంటే ఫోన్ ఆ వెలుగుకు బెదిరి పూలను నల్లగా చూపిస్తుంది. పువ్వు మీద వేలు పెట్టి, పక్కన కనబడే సూర్యుడి గుర్తును కొద్దిగా పైకి జరిపితే గులాబీ రంగు తిరిగి వస్తుంది. పసుపు టబెబుయాకు దీనికి సరిగ్గా వ్యతిరేకం చేయాలి: నేరుగా ఎండ పడినప్పుడు ఆ పసుపు రంగు పేలిపోయి, రేకుల మీది ముడతలు కనిపించకుండా పోతాయి కాబట్టి గుర్తును కిందికి దించాలి. కానుగ చిగురును మాత్రం ఎండకు ఎదురుగా నిలబడే తీయాలి. కరెంటు తీగలు, కేబుళ్లు అడ్డం వస్తే జూమ్ చేయకుండా, చెట్టు మొదట్లోకి నడిచి వెళ్లి మాను మీదుగా పైకి చూస్తూ తీయండి. తీగలు చాలావరకు తప్పుకుంటాయి. పూల కోసం కొమ్మలు ఊపవద్దు. ఎవరి ఇంటి గేటు ముందైనా తీయవలసి వస్తే ఒక మాట అడగండి.

అన్నిటికంటే విలువైన ఫొటో ఒకే చెట్టును ఒకే చోట నిలబడి వారం వారం తీసినది. నేలమీద ఒక మాన్‌హోల్ మూతనో, రాతి అంచునో గుర్తు పెట్టుకుని అక్కడే నిలబడండి. మామిడిచెట్టు అయితే జనవరి నాటి పూత, మార్చి నాటి పిందె, ఏప్రిల్ నాటి కాయ, పన్నెండు పదమూడు ఫొటోలలో కళ్లముందు నిలుస్తాయి.

ఊరి పెద్ద తోటలను రెండు ఆదివారాలకు దాచుకోండి. 1870లో ఏర్పడిన కబ్బన్ పార్కులోకి ఆదివారం వాహనాలను రానివ్వరు గనక పిల్లలతో నడవడానికి హాయిగా ఉంటుంది. మెట్రో స్టేషన్ పక్కనే ఉంది. 1760లో హైదర్ అలీ మొదలుపెట్టిన లాల్‌బాగ్‌కు కూడా మెట్రోలో వెళ్లవచ్చు. అక్కడ కెంపేగౌడ గోపురం ఉన్న రాతిగుట్ట వయసు సుమారు 300 కోట్ల సంవత్సరాలు. ఆ గుట్ట ఎక్కి చూస్తే పూసిన చెట్లను పైనుంచి చూసే అవకాశం దొరుకుతుంది. వీధిలో నిలబడినవారికి అది దొరకదు. పెద్ద కెమెరా తీసుకువెళ్లేవారు అక్కడి రుసుము, నియమాలు గేటు దగ్గర కనుక్కోవాలి.

నడక వంటింట్లోకి వచ్చేది వేప పూతతో. గాంధీబజారులో పూలమ్మే ఒకావిడ, మన తెలుగావిడే, నేను వేపకొమ్మలు అడిగితే, "కొమ్మ ఇరిస్తే వచ్చే సంవత్సరం పువ్వు యాడిదన్నా? కింద గుడ్డ పర్చుకోపో" అంది. ఆవిడ చెప్పినట్టే, సాయంత్రం వేపచెట్టు కింద పాత చీర పరిచి, పొద్దున్నే వెళ్లి మడుచుకు రావడమే సరైన పద్ధతి. మొదటి ఏడు నేను పెద్ద రోడ్డు పక్కనున్న చెట్టు పువ్వు తెచ్చి, ఎంత కడిగినా దుమ్ము వదలక పారబోయవలసి వచ్చింది. కాబట్టి లోపలి వీధిలోని చెట్టునో, ఎవరి పెరటి చెట్టునో అడిగి తెచ్చుకోండి. పువ్వును అరచేతుల మధ్య మెల్లగా నలిపి, చేటలో వేసి చెరిగితే కాడలు, పుల్లలు విడిపోతాయి. గుప్పెడు పువ్వు ఉగాది పచ్చడికి పచ్చిగా ఉంచుకుని, మిగిలినది గలగలలాడేదాకా ఎండబెట్టాలి.

ఆ ఎండిన పువ్వుతో చారు చేసుకోండి. నిమ్మకాయంత కొత్త చింతపండు నానబెట్టి, మూడు గ్లాసుల నీటితో రసం తీసి, ఉప్పు, పసుపు, చిన్న బెల్లం ముక్క వేసి బాగా మరిగించాలి. ఆవాలు, రెండు ఎండుమిరపకాయలు, కరివేపాకు, ఇంగువతో తాలింపు పెట్టి దించాక, వేరే గరిటెలో చెంచా నెయ్యి కాచి, పెద్ద చెంచాడు పువ్వును ముదురు గోధుమరంగు వచ్చేదాకా సన్నటి మంట మీద వేయించి, వడ్డించే ముందు మాత్రమే చారులో వేయాలి. పువ్వును చారుతో పాటు మరిగిస్తే చేదు మొత్తం దిగిపోతుంది. చివర్లో వేస్తే వాసన ముందు తగిలి, చేదు నాలుక చివర సన్నగా నిలుస్తుంది.

మార్చి మధ్యకల్లా బజారులోకి పచ్చి మామిడికాయలు వస్తాయి. కోస్తాలో కలెక్టరు కాయ అనీ చిత్తూరు వైపు బెంగుళూరు కాయ అనీ పిలిచే తోతాపురిని ఇక్కడ చిత్రాన్నానికి వాడతారు. పులుపు తక్కువ కాబట్టి రెండు గ్లాసుల బియ్యానికి ఒక పూర్తి కాయ పడుతుంది. నాటు కాయ అయితే సగం చాలు. అన్నం పలుకుగా వండి పళ్లెంలో ఆరబెట్టాలి. తురిమిన కాయలో సగాన్ని, గుప్పెడు కొబ్బరి, అరచెంచా ఆవాలు, నాలుగు ఎండుమిరపకాయలతో నీళ్లు పోయకుండా రుబ్బుకోవాలి. వేరుశనగ నూనెలో వేరుశనగ పప్పు, శనగపప్పు, మినపప్పు, ఆవాలు, పచ్చిమిరపకాయలు, కరివేపాకు వరసగా వేగాక, పసుపు, ఉప్పు, రుబ్బిన ముద్ద వేసి రెండు నిమిషాలు మగ్గించి పొయ్యి కట్టేయాలి. మిగిలిన సగం తురుమును పొయ్యి ఆపాకే కలపాలి. పచ్చి కాయ వాసన నిలిచేది అందువల్లనే.

ఏప్రిల్‌లో చింతచిగురు దొరికితే వదలకండి. లేత ఎరుపు ఉన్న చిగురునే ఎంచి, అరచేతుల్లో నలిపి ఈనెలు తీసేసి, నూనెలో రంగు మారేదాకా వేయించి ఉడికిన కందిపప్పులో కలిపితే, వేరే చింతపండు అక్కరలేదు. దేవనహళ్లి దగ్గర నల్లూరులో పాత చింతతోపు ఒకటుంది. 2007లో దేశంలోనే మొట్టమొదటి జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా దానిని ప్రకటించారు. ఊడలమర్రులలాగా మెలితిరిగిన ఆ మానులను ఫొటో తీయడానికి వెళ్లండి, చిగురు మాత్రం బజారులో కొనుక్కోండి.

ఏప్రిల్‌లో మామిడి జల్లులు పడగానే పూత చాలావరకు నేలరాలుతుంది, నడకలూ ఒక కొలిక్కి వస్తాయి. ఆ జల్లు రాకముందే వేపపువ్వును మళ్లీ ఒక పూట ఎండలో పెట్టి, తడిలేని గాజుసీసాలో పోసి బిగించండి. ఏ వీధిలోని చెట్టు పువ్వో, ఏ తేదీన తెచ్చారో ఒక చీటీ మీద రాసి సీసాకు అంటించి పెడితే, వచ్చే సంవత్సరం ఆ చెట్టు కింద చీర ఎప్పుడు పరచాలో ఆ చీటీయే చెబుతుంది.