గూగుల్ ఫోటోస్‌లో ఉన్న ఫోటోలను ఇంటి హార్డ్‌డిస్క్‌లోకి తెచ్చుకోవడం ఎలా?

ముందు ఒక చిన్న పరీక్ష చెయ్యండి. ఫోన్‌లో డేటా, వైఫై రెండూ ఆపేసి, ఐదారేళ్ళ కిందటి పెళ్ళి ఫోటో ఒకటి తెరిచి పెద్దది చేసి చూడండి. మసకగా ఉండిపోయిందంటే అది మీ ఫోన్‌లో లేనట్టే, గూగుల్ దగ్గరే ఉన్నట్టు. 2022 మే నెలలో కోనసీమలో నెట్ ఆపేసినప్పుడు మా వీధిలో చాలామందికి ఈ సంగతి మొదటిసారి తెలిసొచ్చింది.

చుట్టాలకూ ఇరుగుపొరుగుకూ ఈ పని ఎన్నిసార్లు చేసిపెట్టానో లెక్కలేదు. సొంతంగా మొదలుపెట్టినవాళ్ళు మాత్రం దాదాపు అందరూ ఒకే చోట చెడగొట్టుకుంటున్నారు. అందుకే రాస్తున్నాను.

కావలసినవి: 1 టీబీ హార్డ్‌డిస్కులు రెండు, ఒక కంప్యూటర్, మంచి నెట్. పెన్‌డ్రైవ్ వద్దు, మెమరీ కార్డు అసలే వద్దు. కొత్త డిస్కును ఎక్స్‌ఫ్యాట్ అనే పద్ధతిలో ఫార్మాట్ చెయ్యండి. ఫ్యాట్ 32 అయితే 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు.

1. కంప్యూటర్‌లో టేకౌట్ డాట్ గూగుల్ డాట్ కామ్ తెరిచి, 'డీసెలెక్ట్ ఆల్' నొక్కి, గూగుల్ ఫోటోస్ ఒక్కదానికే టిక్ పెట్టండి.

2. జిప్ (చాలా ఫైళ్ళను కట్టిన ఒక మూట) ఎంచుకుని ఒక్కోదాని సైజు 2 జీబీ పెట్టండి. 50 జీబీ పెట్టి ఒకేసారి దించేద్దామని చూడకండి. వానాకాలంలో మన ఊళ్ళ కరెంటుతో అది అయ్యే పని కాదు.

3. లింకు మెయిల్‌కు వస్తుంది. గంటలు పట్టొచ్చు, రోజులూ పట్టొచ్చు. వచ్చాక వారం రోజులే పనిచేస్తుంది కాబట్టి కొబ్బరి దింపులోనో రొయ్యల పట్టుబడిలోనో ఉన్నప్పుడు మొదలుపెట్టకండి.

4. అన్నీ దించి, ఒకే ఫోల్డర్‌లో విప్పండి. ఫోటోల పక్కన జేసన్ అనే చిన్న ఫైళ్ళు కనబడతాయి. చెత్త అనుకుని తీసెయ్యకండి, ఫోటో తీసిన తేదీ, చోటు వాటిలో ఉంటాయి. వాట్సాప్‌లో వచ్చిన ఫోటోల పేర్లూ మార్చొద్దు. తేదీ ఆ పేరులోనే ఉంటుంది.

5. ఇప్పుడు అసలు పని, క్లౌడ్‌లోంచి, అంటే గూగుల్ దగ్గర ఉన్నవాటిని తీసెయ్యడం. ఇక్కడ తొందర వద్దు.

మా బాబాయి కొడుకు పదకొండు జిప్పులు దించాడు. కరెంటు పోయి ఆరోది సగంలో తెగిన సంగతి చూసుకోలేదు. ఆ రాత్రే ఆన్‌లైన్‌లో ఉన్నవన్నీ డిలీట్ చేసి, ట్రాష్ (తీసేసినవి కొన్నాళ్ళు ఉండే చెత్తబుట్ట) కూడా ఖాళీ చేశాడు. బాబాయి ఆఖరి సంక్రాంతి వీడియోలు ఆ ఆరో జిప్పులోనే ఉండేవి. పిన్ని ఇప్పటికీ అడుగుతూనే ఉంటుంది.

కాబట్టి డిలీట్ జోలికి వెళ్ళేముందు జిప్పుల పేర్ల చివర ఉండే అంకెలు వరసగా ఉన్నాయో లేదో వేలు పెట్టి లెక్కపెట్టండి. ప్రతి జిప్పూ విప్పండి. తెగినదైతే అక్కడే తప్పు చూపిస్తుంది, దాన్ని మళ్ళీ దించండి. ప్రతి ఏడాది ఫోల్డర్‌లోనూ మొదటి ఫోటో, చివరి ఫోటో, ఒక వీడియో తెరిచి చూడండి. తరవాత అంతా రెండో డిస్కుకు కాపీ చేసి, దాన్ని వేరే కంప్యూటర్‌కు తగిలించి మళ్ళీ తెరవండి. అప్పుడు కూడా నెల రోజులు ఆగండి.

మీటల తేడా కూడా తెలుసుకోండి. యాప్‌లో 'ఫ్రీ అప్ స్పేస్' నొక్కితే ఫోన్‌లో ఉన్న కాపీ పోయి క్లౌడ్‌లో ఉన్నదే మిగులుతుంది. 'డిలీట్' నొక్కితే రెండుచోట్లా పోతుంది. బ్యాకప్ అయిన ఫోటో ట్రాష్‌లో 60 రోజులు ఉంటుంది. ఆ 60 రోజులూ ట్రాష్‌ను ముట్టుకోకండి.

ఇంత శ్రమ ఎందుకు, నెలనెలా డబ్బు కడితే గూగుల్ వాళ్ళు చోటు ఇస్తారుగా అంటారు. నేను ఒప్పుకోను. 2021 జూన్ 1 దాకా, కాస్త కుదించిన ఫోటోలకు ఆ చోటు ఎంతైనా ఉచితమే. తరవాత మెయిలు, డ్రైవ్, ఫోటోలు అన్నిటికీ కలిపి 15 జీబీయే ఉచితం అన్నారు. ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ బ్యాకప్ కూడా ఇప్పుడు అందులోకే వస్తుంది. రెండేళ్ళు వాడని ఖాతాను మూసేసే హక్కు కూడా వాళ్ళదే. షరతులు వాళ్ళు మారుస్తూ పోతుంటే మన పిల్లల బారసాల ఫోటోలు అక్కడ ఉంచి అద్దె కట్టడం ఏం పద్ధతి?

పోనీ అక్కడ ఉన్నవి పెళ్ళిళ్ళూ బారసాలలేనా? ఆధార్, బ్యాంకు పుస్తకం, పట్టాదారు పాస్‌పుస్తకం, ఆసుపత్రి రిపోర్టులు అన్నీ ఫోటో తీసి వదిలేస్తాం. లొకేషన్ ఆన్‌లో ఉంటే ఇంట్లో తీసిన ప్రతి ఫోటోకూ మన ఇంటి ఆనవాలు అంటుకుంటుంది. ముఖాలను బట్టి ఎవరి ఫోటోలు వాళ్ళవిగా యాప్ విడదీసి పెడుతుంది. కెమెరా సెట్టింగుల్లో లొకేషన్ ఈరోజే ఆపండి. నెల ఆగాక తీసెయ్యడం మొదలుపెట్టినప్పుడు ఈ కాగితాల ఫోటోలే ముందు తీసెయ్యండి. తరవాత ఏడాదికి ఒక ఏడాది చొప్పున మిగతావి.

6. రెండో డిస్కు అదే ఇంట్లో ఉండకూడదు. 1996 నవంబరు తుపానుకు మా ఇంట్లో ఆల్బమ్‌లన్నీ తడిసి ఒకదానికొకటి అంటుకుపోయాయి. అమ్మానాన్నల పెళ్ళి ఫోటో ఒక్కటీ మిగల్లేదు. అందుకే మా రెండో డిస్కు రాజమండ్రిలో అక్క దగ్గర, స్టీలు డబ్బాలో ఉంటుంది. ఏటా పండక్కి వచ్చేటప్పుడు తెస్తుంది. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం ఫోటోలు కూడా ఎక్కించాకే తిరిగి పంపిస్తాను.