తిండికీ మైగ్రేన్‌కీ ఉన్న లంకె పట్టుకోవడం: 3వ పాఠం – డైరీని చదవడం

మొదటి రెండు పాఠాల్లో డైరీలో ఏ గడులు ఉండాలో, వాటిని ఎప్పటికప్పుడు ఎలా నింపాలో చూశాం. ఈ పాఠానికి మీ చేతిలో కనీసం నాలుగు వారాల రాత ఉండాలి. అంత లేకపోతే చదివి పక్కన పెట్టుకోండి, లెక్కలు మాత్రం మొదలుపెట్టకండి. పది రోజుల రాత చూసి ఏ పదార్థం మీదా నింద వేయలేం.

డైరీ చేతికి రాగానే చాలామంది ఒకే పని చేస్తారు. నొప్పి వచ్చిన రోజులకు ఎర్ర సున్నా చుట్టి, దానికి ముందు ఏం తిన్నారో వెతుకుతారు. మూడు చోట్ల చాక్లెట్ కనబడిందంటే ఇక దొంగ దొరికినట్టే. ఈ పద్ధతి పనికిరాదు. ఆ లెక్కన మంచినీళ్లూ దొంగే, నొప్పి వచ్చిన ప్రతిరోజూ తాగారు కదా! తిన్నా ఏమీ కాని రోజులు ఎన్ని ఉన్నాయన్నది అసలు ప్రశ్న. సున్నాలు చుట్టేవాళ్లు ఆ పేజీలు తిప్పేస్తారు.

కాబట్టి అనుమానం ఉన్న ఒక్కో పదార్థానికీ నాలుగు అంకెలు తీయండి. తిన్న రోజులు మొత్తం ఎన్ని, వాటిలో నొప్పి వచ్చినవి ఎన్ని. తినని రోజులు ఎన్ని, వాటిలో నొప్పి వచ్చినవి ఎన్ని. తిన్న 24 గంటల్లోపు నొప్పి మొదలైతేనే ‘వచ్చింది’ అని రాయండి. పదార్థాన్ని బట్టి ఈ గడువు మారుతుంది. అంతర్జాతీయ తలనొప్పి వర్గీకరణ ప్రకారం మోనోసోడియం గ్లుటమేట్ (అజినొమోటో పేరుతో అమ్మే రుచి పొడి) వల్ల వచ్చే నొప్పి గంటలోపే మొదలవుతుంది. మద్యం వల్ల వచ్చేది 3 గంటల్లోపు రావచ్చు, లేదా 5 నుంచి 12 గంటల తర్వాత రావచ్చు. మొదటి వడపోతకు 24 గంటలు సరిపోతుంది.

ఇప్పుడు ఒక నమూనా డైరీ చూద్దాం. మొత్తం 42 రోజులు, నొప్పి వచ్చింది 7 సార్లు. చాక్లెట్ తిన్నది 12 రోజులు, వాటిలో 4 సార్లు నొప్పి. తిననివి 30 రోజులు, వాటిలో 3 సార్లు. అంటే తింటే మూడింట ఒకటి, తినకపోతే పదింట ఒకటి. చాక్లెట్ పని అయిపోయినట్టే కనిపిస్తోంది. కానీ ఇక్కడ ఆగకూడదు. నొప్పి వచ్చిన ఆ నాలుగు రోజుల వరుసలు తెరిచి చదవండి:

‘మంగళవారం: మీటింగ్, మధ్యాహ్నం భోజనం లేదు. 4:30కి చాక్లెట్. 7కి నొప్పి.’
‘సోమవారం: ప్రయాణం, భోజనం లేదు. 5కి చాక్లెట్. 8కి నొప్పి.’
‘గురువారం: పొద్దుట్నుంచీ ఆవులింతలు, మెడ పట్టేసినట్టుంది. 3కి చాక్లెట్ మీదకు మనసు పోయింది. 6కి నొప్పి.’
‘శనివారం: రాత్రి 9కి చాక్లెట్. నిద్ర బాగానే పట్టింది. ఉదయం 6కి నొప్పితో మెలకువ.’

మొదటి రెండింటిలో చాక్లెట్ కంటే ముందు ఆకలి ఉంది. భోజనం తప్పడం చాలామందిలో మైగ్రేన్‌ను రేపుతుంది. మూడోది ఇంకా తమాషా. మైగ్రేన్ చాలాసార్లు తలలో నొప్పితో మొదలుకాదు. అంతకు కొన్ని గంటల ముందు, ఒక్కోసారి రెండు రోజుల ముందే ఆవులింతలు, మెడ బిగుసుకోవడం, చిరాకు, ఫలానాది తినాలన్న కోరిక మొదలవుతాయి. అంటే గురువారం చాక్లెట్ తినడం వల్ల నొప్పి రాలేదు, నొప్పి బయల్దేరింది కాబట్టే చాక్లెట్ తినాలనిపించి ఉండవచ్చు. 1997లో వెలువడిన ఒక అధ్యయనంలో ప్రతి ఒక్కరికీ కొన్నిసార్లు చాక్లెట్, కొన్నిసార్లు అదే రుచి వచ్చేలా కారబ్‌తో (చాక్లెట్‌కు బదులు వాడే ఒక చెట్టు కాయల పొడి) చేసినది ఇచ్చారు. ఏది ఏదో తిన్నవాళ్లకు తెలియదు. చాక్లెట్ వల్ల తలనొప్పులు ఎక్కువేమీ రాలేదు. దీన్నిబట్టి చాక్లెట్ ఎవరికీ పడకుండా ఉండదని కాదు, దానికొచ్చిన చెడ్డపేరులో కొంత ఈ కోరిక వల్లే వచ్చిందని నా అభిప్రాయం.

మళ్లీ లెక్కకు వద్దాం. ఆ మూడు రోజులూ తీసేస్తే తిన్నవి 9 రోజులు, నొప్పి ఒక్కటి. తీసివేత ఒక వైపే చేస్తే మోసం అవుతుంది, తినని వైపూ చేయాలి. అక్కడ భోజనం తప్పినవి 2 రోజులు, వాటిలో ఒకసారి నొప్పి. అవి పోగా 28 రోజులకు 2. ఇంత చిన్న అంకెల్లో తొమ్మిదింట ఒకటికీ పద్నాలుగింట ఒకటికీ తేడా చెప్పలేం. ఇప్పుడు భోజనం తప్పడాన్నే అనుమానితుణ్ణి చేసి చూడండి. తప్పిన 4 రోజుల్లో 3 సార్లు నొప్పి, తప్పని 38 రోజుల్లో 4 సార్లు. ఈ డైరీలో వెంటపడాల్సింది దీని వెంట.

కాఫీని మాత్రం ఈ నాలుగు అంకెలతో పట్టుకోలేరు. రోజూ తాగేవారికి ‘తాగని రోజులు’ అనే గడి ఖాళీగానే ఉంటుంది. అక్కడ గడియారం చూడాలి. రోజూ 7కి తాగే మనిషి సెలవు రోజున 11కి లేచి తాగితే నొప్పి సెలవు రోజుల్లోనే కనిపిస్తుంది. కెఫీన్ ఆపితే సాధారణంగా 12 నుంచి 24 గంటల్లో తలనొప్పి మొదలై 2 నుంచి 9 రోజులు ఉంటుంది. ‘మానేసి చూద్దాం’ అని టక్కున ఆపేవాళ్లు ఈ నొప్పి చూసి టెన్షన్ పడిపోతారు. తగ్గించాలనుకుంటే మెల్లమెల్లగా తగ్గించాలి. టీ, కోలా, కొన్ని తలనొప్పి మాత్రలు కూడా ఈ ఖాతాలోకే వస్తాయి.

నిల్వ చీజ్, నైట్రైట్ కలిపి నిల్వచేసిన మాంసం, రెడ్ వైన్ లాంటి పేరుమోసిన వాటికి వేరే పద్ధతేమీ లేదు, అవే నాలుగు అంకెలు. స్త్రీలు ఒక గడి అదనంగా చూడాలి. నెలసరికి రెండు రోజుల ముందు నుంచి మూడో రోజు దాకా మైగ్రేన్ సులువుగా వస్తుంది. మామూలప్పుడు ఏమీ చేయని పదార్థం ఆ రోజుల్లోనే నొప్పి తెస్తోందేమో చూడండి.

చివరిగా మాత్రల గడి. మామూలు నొప్పి మాత్రలు నెలకు 15 రోజులు, ట్రిప్టాన్లు (మైగ్రేన్‌కే వాడే ఒక రకం మాత్రలు) గానీ రెండు మూడు మందులు కలిసిన మాత్రలు గానీ 10 రోజులు, అలా మూడు నెలలకు మించి వాడుతుంటే ఆ మాత్రలే తలనొప్పి తెప్పించవచ్చు. అలాంటప్పుడు తిండి లెక్కలు పక్కన పెట్టి ముందు డాక్టర్‌ను కలవండి. హఠాత్తుగా పిడుగు పడ్డట్టు వచ్చిన నొప్పి, జ్వరంతో మెడ బిగుసుకోవడం, మాట తడబడటం, ఒకవైపు చేయీ కాలూ బలహీనపడటం లాంటివి ఉంటే డైరీ కోసం ఆగకుండా ఆస్పత్రికి వెళ్లాలి.

ఈ వారం అభ్యాసం: మీ డైరీలో మూడు పదార్థాలకు నాలుగేసి అంకెలు తీయండి, నొప్పి వచ్చిన ప్రతి వరుసా చదవండి, అనుమానం నిలిచిన వాటిని రెండుకు మించకుండా ఉంచుకోండి. ఏదీ ఇప్పుడే మానకండి. ఒక్కొక్కటిగా మాని, మళ్లీ తిని పరీక్షించడం ఎలాగో 4వ పాఠంలో చూద్దాం.