హైలైట్స్ ఉన్న జుట్టుకి గోరింటాకు: ఆషాఢం రాకముందే చూసుకోవాల్సినవి

ఆషాఢం దగ్గర పడుతోందంటే మన శ్రీకాకుళం, విజయనగరం వైపు పెరట్లో గోరింట చెట్టున్న ఇంటికి గిరాకీ పెరుగుతుంది. పక్కింటివాళ్లు వచ్చి నాలుగు రెమ్మలు కోసుకుపోతారు. ఇంట్లోవాళ్లు రోట్లో వేసి కాస్త చింతపండు కలిపి మెత్తగా రుబ్బుతారు. చేతులకీ కాళ్లకీ పెట్టుకోగా గిన్నెలో మిగిలింది ఎవరో ఒకరి తలకి పోతుంది. ఇన్నాళ్లూ దాంతో పెద్ద ఇబ్బందేమీ లేదు. నల్లటి జుట్టు, పైన ఆకు ముద్ద, రెండు గంటలాగి తలస్నానం. అంతే.

ఇప్పుడు తలలు మారాయి. విశాఖలోనో హైదరాబాదులోనో ఉద్యోగం చేసే పిల్ల సెలవుకి ఇంటికొస్తుంది, జుట్టులో తేనెరంగు పాయలు. చూడగానే పెద్దమ్మ అంటుంది: "ఏటే, జుత్తిలా ఎండుగడ్డయిపోనాది? కాస్త గోరింటాకెట్టుకో, సలవ సేస్తాది." పిల్ల వద్దంటే, "ఆకే కదే, ఏటవుద్ది?" అని ఇంకో మాట.

పెద్దమ్మ మాటలో తప్పు లేదు, ఆకు మంచిదే. చిక్కంతా ఆ జుట్టుకి ముందు ఏం చేశారు, తర్వాత ఏం చేయించబోతున్నారు అన్నదాంట్లో ఉంది. ఆషాఢం వెళ్లగానే శ్రావణం, శ్రావణంలో పెళ్లిళ్లు. జూన్, జూలైల్లో తలకి గోరింటాకు పెట్టుకున్న పిల్లే ఆగస్టులో పెళ్లి పేరు చెప్పి పార్లర్‌లో కూర్చుంటుంది. జుట్టు పాడయ్యేది ఎక్కువగా ఈ రెండింటి మధ్యనే.

నల్ల జుట్టు లెక్క వేరు

గోరింటాకులో రంగునిచ్చే పదార్థాన్ని లాసోన్ అంటారు. అది వెంట్రుకలోని కెరాటిన్ అనే ప్రొటీన్‌ని పట్టుకుని ఉండిపోతుంది, షాంపూలకి లొంగదు. ఉన్న రంగుని తగ్గించే శక్తి దానికి లేదు, దాని మీద నారింజ ఎరుపు పొర వేస్తుందంతే. నల్ల జుట్టు మీద ఆ పొర ఎండలో నిలబడితే తప్ప కనబడదు. తెల్ల వెంట్రుక మీదైతే వీధి చివరికి కూడా కనబడుతుంది.

హైలైట్స్ అంటే బ్లీచ్ పెట్టి సహజ రంగు తీసేసిన పాయలు. గోరింటాకు వాటి మీద పనిచేసే తీరు తెల్ల వెంట్రుకల మీద పనిచేసినట్టే ఉంటుంది. పైగా బ్లీచ్ తగిలిన వెంట్రుక పైపొర తెరుచుకుని ఉంటుంది కాబట్టి రంగుని గబగబా పీల్చేస్తుంది. నల్ల జుట్టుకి రెండు మూడు గంటలు ఉంచే ముద్ద ఈ పాయలకి పావుగంటలోనే ముదురు నారింజ తెప్పించగలదు. కడగ్గానే అద్దంలో చూసుకుని "పర్వాలేదే" అనుకోవద్దు. గాలి తగులుతూ రెండు మూడు రోజుల పాటు ఆ రంగు ముదురుతూనే ఉంటుంది.

"నావి బంగారు రంగువి కాదు, యాష్ బ్రౌన్" అనేవాళ్లూ ఇందులోకే వస్తారు. ఆ బూడిద ఛాయ చాలావరకు బ్లీచ్ తర్వాత పైన వేసిన టోనర్ అనే పలచటి రంగుది. కొన్ని వారాల తలస్నానాలతో అది పోతుంది, కింద మిగిలేది పసుపే.

నారింజ రంగు వద్దని కొందరు ఇండిగో పొడి, అంటే నీలి ఆకు పొడి కలుపుతారు. నెరిసిన జుట్టుకి ముందు గోరింటాకు, తర్వాత ఇండిగో వేస్తే గోధుమ నలుపు వస్తుంది, ఆ పద్ధతి మంచిదే. కానీ బ్లీచ్ పాయల మీద నేరుగా ఇండిగో పెడితే ఆకుపచ్చ దిగొచ్చు. ఇండిగో వేసిన జుట్టుని తర్వాతెప్పుడో బ్లీచ్ చేసినా ఆకుపచ్చే బయటపడుతుంది. ఆ పచ్చదనాన్ని వదిలించడం నారింజని వదిలించడం కన్నా కష్టం.

ప్యాకెట్ తిప్పి వెనక చదవండి

పెరటి ఆకుతో రంగు సమస్య ఒక్కటే. ప్యాకెట్‌తో ఇంకోటి తోడవుతుంది. రాజస్థాన్‌లోని సోజత్ ప్రాంతం గోరింటాకుకి పెట్టింది పేరు, 2021లో సోజత్ మెహందీకి జీఐ ట్యాగ్, అంటే ఆ ప్రాంతపు సరుకన్న గుర్తింపు కూడా వచ్చింది. శుభ్రమైన పొడి అయితే వెనక రాసే పేరు ఒక్కటే ఉంటుంది: లాసోనియా ఇనెర్మిస్, గోరింటకి శాస్త్రీయ నామం. దాని పక్కన ఇంకేవైనా పేర్లున్నాయంటే ఆగి చదవాలి.

గోరింటాకుకి ఉన్నది ఒక్కటే రంగు. నల్ల మెహందీ, బర్గండీ మెహందీ, పది నిమిషాల మెహందీ అని అమ్ముతున్నారంటే ఆ రంగు వేరేచోటి నుంచి వస్తోందన్నమాట. నల్లవాటిలో ఎక్కువగా ఉండేది పీపీడీ, అంటే పారా ఫినిలిన్ డయమీన్. మామూలు హెయిర్ డైల్లోనూ ఇదే ఉంటుంది. యూరప్‌లో తలకి పెట్టే రంగులో దీన్ని 2 శాతం దాటనివ్వరు, ఒంటి మీద డిజైన్లకి అసలు వాడనివ్వరు. కొన్ని పొడుల్లో ఎరుపు బాగా రావాలని సోడియం పిక్రమేట్ కలుపుతారు. ఇంకొన్నిటిలో బేరియం పెరాక్సైడ్ కనిపిస్తుంది. సీసం, రాగి, వెండి లవణాలు కలిపిన రకాలూ ఉన్నాయి. రసాయనాలు పడిన జుట్టుకి అన్నిటికన్నా చేటు చేసేవి ఇవే. బ్లీచ్‌లో ఉండే హైడ్రోజన్ పెరాక్సైడ్ ఈ లోహాలకి తగిలితే వేడి పుట్టొచ్చు, ఘాటు వాసన రావొచ్చు, వెంట్రుక మెత్తబడి చేతికి ఊడి రావొచ్చు. "గోరింటాకు పెట్టిన జుట్టు బ్లీచ్‌కి కాలిపోతుంది" అని పార్లర్లలో భయపెట్టేది దీని గురించే. ఆ పేరు ఆకుకి వచ్చింది గానీ పని లోహాలది.

శ్రీకాకుళం ఏడురోడ్ల జంక్షన్‌లో కొన్నా, విజయనగరం గంటస్తంభం దగ్గర కొన్నా, బస్తాలోంచి తూచి ఇచ్చే లేబుల్ లేని పొడిని హైలైట్స్ ఉన్నవాళ్లు తలకి పెట్టకండి. పది రూపాయలు తక్కువకి వస్తుంది, నిజమే. లోపల ఏముందో అమ్మేవాడికీ తెలీదు.

ఇనప మూకుడు ఈసారికి అటక మీదే ఉండనివ్వండి

మన ఇళ్లలో తలకి గోరింటాకంటే ఇనప మూకుడే. టీ డికాషన్‌లో పొడి కలిపి, కరక్కాయ పొడో కాఫీ పొడో వేసి రాత్రంతా మూకుట్లో నానబెడతారు. తెల్లారేసరికి అంచుల దగ్గర ముద్ద నల్లగా తిరుగుతుంది. టీలో, కరక్కాయలో ఉండే వగరు పదార్థం ఇనుముతో కలిసి నల్లబడటమే అది. నెరిసిన జుట్టుకి నారింజ తగ్గి నలుపు రావడానికి పెద్దవాళ్లు కనిపెట్టిన ఉపాయం, నాకైతే ఎంతో తెలివైన ఉపాయంగా అనిపిస్తుంది.

కానీ ఆ ఇనుము కొంత జుట్టులోకీ వెళ్తుంది. తర్వాత బ్లీచ్ పడితే ఇనుము, రాగి లాంటివి పెరాక్సైడ్‌ని రెచ్చగొట్టి వెంట్రుకని మామూలు కంటే ఎక్కువగా దెబ్బతీస్తాయి. ఒక్కసారి మూకుట్లో నానబెట్టిన ఆకుకే జుట్టంతా పోతుందని అనను. ఏళ్ల తరబడి నెలనెలా అలా పెట్టుకున్న జుట్టు వేరు. రాగి గిన్నె అసలు వద్దు. గాజు, పింగాణీ, ప్లాస్టిక్, ఏదీ లేకపోతే స్టీలు గిన్నె వాడండి.

నీళ్లూ చూసుకోండి. బోరు నీళ్లు బకెట్లో ఒక రాత్రి నిలవుంచితే అడుగున ఎర్రటి మడ్డి దిగుతోందా? దిగితే అందులో ఇనుము ఉన్నట్టే. కలపడానికి తాగే నీళ్లు తీసుకోండి. గోరువెచ్చగా ఉంటే చాలు, మరిగే నీళ్లు పోయొద్దు. నిమ్మకాయలు పిండితే రంగు బాగా దిగుతుందని గిన్నెకి నాలుగేసి పిండేస్తారు. బ్లీచ్ జుట్టు అసలే పొడిబారి ఉంటుంది, దానికి అంత పులుపు పనికిరాదు.

స్మూతెనింగ్, స్ట్రెయిటెనింగ్ చేయించుకున్నవాళ్లు

స్ట్రెయిటెనింగ్ క్రీము వెంట్రుక లోపలి బంధాల్ని తెంచి, కొత్త ఆకారంలో మళ్లీ కలుపుతుంది. ఆ పని జరిగిన జుట్టు బలహీనంగానే ఉంటుంది. కనీసం నెలరోజులు గోరింటాకు జోలికి పోకపోవడం మంచిదని నా ఉద్దేశం. ఆ తర్వాత పెట్టినా కుదుళ్ల దగ్గర ఒక రంగు, కొసల్లో ఒక రంగు వస్తాయి, దానికి సిద్ధపడాలి. తిరగేసి చూస్తే, గోరింటాకు దట్టంగా పట్టిన జుట్టుకి స్ట్రెయిటెనింగ్ మందు సమానంగా ఎక్కకపోవచ్చు. చాలా పార్లర్లు చేయలేమని చెప్పేసేది అందుకే.

ఇక్కడ ఒక లెక్క ఉంది. జుట్టు నెలకి సుమారు అరంగుళం పెరుగుతుంది. అంటే పన్నెండంగుళాల జుట్టు కొసకి వయసు రెండేళ్లు. నడుం దాకా జడ ఉంటే దాని కొస ఐదారేళ్ల నాటిది. పార్లర్‌లో "గోరింటాకు పెట్టారా?" అని అడిగితే, పెట్టి ఏడాది దాటింది కదా అని చాలామంది "లేదండీ" అనేస్తారు. కుదుళ్ల నుంచి ఆరంగుళాలే కొత్తది, మిగతా జడంతా ఆ గోరింటాకుతోనే ఉంది. ఏ పొడి, ఎన్నిసార్లు, ఏ గిన్నెలో, అన్నీ చెప్పండి. నవ్వితే నవ్వనీయండి.

పెట్టుకోవాల్సిందే అనుకుంటే

రెండు రోజుల పని ముందే చేయాలి. మోచేతి మడతలోనో చెవి వెనకో కాస్త ముద్ద రాసి, కడిగేసి, 48 గంటలు చూడాలి. దురద, దద్దురు, మంట ఏది వచ్చినా ఆ పొడి వద్దు. అదే పూట తల వెనక, లోపలి వైపు హైలైట్ ఉన్నచోట నాలుగు వెంట్రుకలు కత్తిరించి దారంతో కట్టి అదే ముద్దలో అంతే సేపు ఉంచండి. కడిగి ఆరబెట్టి మూడో రోజు ఎండలో చూడండి. అక్కడ కనిపించే రంగే మీ హైలైట్స్‌కి రాబోయే రంగు. తర్వాత హైలైట్స్ చేయించుకునే ఆలోచన ఉంటే ఇలాంటి పాయనే పార్లర్‌కి తీసుకెళ్లి బ్లీచ్ వేసి చూపించమని అడగండి. వేడెక్కినా, రంగు విచిత్రంగా మారినా తెలిసేది కత్తిరించిన పాయ మీదే, మీ తల మీద కాదు.

కుదుళ్లలో తెల్లవెంట్రుకల కోసమే గోరింటాకు కావాలి, హైలైట్స్ పాడవకూడదు అనేవాళ్లు కొంచెం ఓపిక పట్టాలి. పాయల్ని విడదీసి, కండిషనర్ దట్టంగా పట్టించి, ఫాయిల్‌లో చుట్టి పిన్ను పెట్టాలి. ముద్ద జారిపోకుండా గట్టిగా కలుపుకుని బ్రష్‌తో కుదుళ్లకే రాయాలి. అసలు జాగ్రత్త కడిగేటప్పుడు. షవర్ కింద నిలబడితే ఎర్ర నీళ్లు పాయల మీదుగానే కిందకి వస్తాయి. ముందుకి వంగి, ఫాయిల్ విప్పకుండా, మగ్గుతో కుదుళ్ల దగ్గర పోస్తూ నీళ్లు తేటపడేదాకా కడగాలి. ఆ తర్వాతే ఫాయిల్ తీయాలి. పక్కన ఇంకొకరుంటే సుఖం, ఒంటరిగా చేస్తే మెడ పట్టేస్తుంది. ఇంత చేసినా అక్కడక్కడా నారింజ అంటదని గ్యారంటీ లేదు.

శ్రావణంలో పెళ్లి పెట్టుకుని, దానికి కొత్తగా హైలైట్స్ వేయించుకోవాలనుకునేవాళ్లకి నేను చెప్పేది ఒక్కటే: ఈ ఆషాఢం గోరింటాకు చేతులకీ కాళ్లకే. అట్లతద్దికి కూడా అంతే. తల మీద ఆశ ఉంటే హైలైట్స్ మానుకోండి.

పసిపిల్లల మాట ఒకటి. జీ6పీడీ లోపం, అంటే రక్తకణాల్ని కాపాడే ఒక ఎంజైమ్ పుట్టుకతోనే తక్కువగా ఉన్న పిల్లలకి గోరింటాకు ఒంటికి పూస్తే రక్తకణాలు చితికిపోయి పచ్చకామెర్లు, రక్తహీనత రావొచ్చు. ఇంట్లో ఎవరికైనా ఆ లోపం ఉందని డాక్టరు చెప్పి ఉంటే, మిగిలిన ముద్ద పాప అరికాళ్లకి రాద్దామన్న సరదా వద్దు.

ఇప్పటికే అయిపోయిందా?

పాయలు నారింజ రంగుకి తిరిగాయని అదే సాయంత్రం ఇంట్లో బ్లీచ్ పెట్టకండి. మొదటి ఒకటి రెండు రోజుల్లో గోరువెచ్చని కొబ్బరినూనె దండిగా పట్టించి కొన్ని గంటలు ఉంచి తలంటుకుంటే కొంత తగ్గొచ్చు, పూర్తిగా పోదు. రంగు తీసే మందులని అమ్మేవి మామూలు హెయిర్ కలర్ కోసం చేసినవి, గోరింటాకు మీద అవి పెద్దగా పనిచేయవు. పెట్టింది శుభ్రమైన ఆకే అయితే, కొన్ని రోజులాగి పాయ మీద పరీక్షించి యాష్ కలిసిన ముదురు బ్రౌన్ వేయించుకోవడం తేలిక దారి. నారింజని అణిచేది నీలం ఛాయ, యాష్‌లో ఉండేది అదే. లోహాలున్న పొడి పెట్టారని అనుమానం ఉంటే మాత్రం పెరాక్సైడ్ ఉన్న ఏ రంగూ వద్దు. జుట్టు పెరిగేకొద్దీ కత్తిరించుకుంటూ పోవడమే.

పార్లర్‌లో బ్లీచ్ వేశాక తల వేడెక్కినా, పాయ నుంచి ఆవిరి లేచినా మొహమాటపడకుండా వెంటనే చన్నీళ్లతో కడిగించుకోండి. ఇంట్లో నల్ల మెహందీ పెట్టాక కనురెప్పలు ఉబ్బినా, మొహం వాచినా ముందు తల కడిగి ఆస్పత్రికి వెళ్లండి. ఊపిరి ఆడకపోతే ఆటో కోసం చూడకుండా 108కి ఫోన్ చేయండి. ఆ ప్యాకెట్ కూడా వెంట పట్టుకెళ్తే, ఏం పడలేదో డాక్టరుకి తేలిగ్గా తెలుస్తుంది.