ఓటు వేశాక మిగిలిన పని: గ్రామసభలో లెక్క అడగడం ఎలా

2024 ఎన్నికల్లో ప్రకాశం జిల్లా దర్శి నియోజకవర్గంలో 90 శాతానికి పైగా ఓట్లు పోలయ్యాయి. కాబట్టి మన పల్లెలకు ఓటు మీద శ్రద్ధ లేదనడం న్యాయం కాదు. నిర్లిప్తత మొదలయ్యేది పోలింగు మరునాటి నుంచి; పాలన చెడిపోయేదీ ఆ ఐదేళ్ల మౌనంలోనే అని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ముందుగా ఓటరు జాబితాలో మీ పేరు ఉందో లేదో చూసుకోండి. కొత్తగా చేరేవారు ఫారం 6, చిరునామా మారినవారు ఫారం 8 ఇవ్వాలి. పంచాయతీ ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం ప్రకారం గ్రామసభ సభ్యులే గనుక, అక్కడ ప్రశ్నించడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

సభ తేదీని పంచాయతీ కార్యదర్శిని అడిగి తెలుసుకోండి. వెళ్లేముందు పంచాయతీల ప్రణాళికలు, లెక్కలు ఉంచే ప్రభుత్వ వెబ్‌సైటు ఈ-గ్రామస్వరాజ్ పోర్టల్‌లో మీ పంచాయతీ ప్రణాళికను, చెల్లింపులను చూడండి. కేంద్ర నిధుల పంపకాన్ని సిఫారసు చేసే 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి గ్రామాలకిచ్చిన గ్రాంట్లలో 60 శాతాన్ని తాగునీటికి, పారిశుధ్యానికే కేటాయించింది. ఫ్లోరైడ్ నీటితో తరాలుగా బాధపడుతున్న దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాల వారు తమ ఊరి వాటా దేనికి ఖర్చయిందో తప్పక అడగాలి. నీళ్లు రావడం లేదని మాత్రమే అంటే చూస్తామన్న జవాబుతో సరిపెడతారు. ఫలానా వీధి బోరు మోటారు మరమ్మతుకు ఎంత రాశారు, బిల్లు ఎప్పుడు చెల్లించారు అని అడిగి, ఆ ప్రశ్నను తీర్మానాల పుస్తకంలో రాయించి, చదివి వినిపించమనండి.

ఒంటరిగా వెళ్లకండి, ముఖ్యంగా పొదుపు సంఘాల మహిళలను కలుపుకోండి. నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు ఎన్నికల కోసం ఆగకుండా మొదలుపెట్టిన సారా వ్యతిరేక పోరాటమే ఉద్యమంగా పెరిగి, 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధానికి దారి తీసింది.

సభలో జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద కార్యదర్శికి దరఖాస్తు ఇవ్వండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో దానికి రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు. బిల్లుల నకళ్లు, ఎం బుక్ (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) నకలు అని విడివిడిగా పేర్కొనండి. 30 రోజుల్లో సమాచారం అందకపోతే పై అధికారికి మొదటి అప్పీలు చేయవచ్చు. గడువు లెక్కించేది దరఖాస్తు అందిన తేదీ నుంచే కాబట్టి, ఇచ్చిన వెంటనే తేదీ వేయించి రసీదు తీసుకోండి.