శాంటా క్రూజ్ సర్ఫింగ్ మ్యూజియం: ఒక్క గదే కదా అని పది నిమిషాల్లో బయటికి రాకండి

కాలిఫోర్నియాలో శాంటా క్రూజ్ వెళ్తే, వెస్ట్ క్లిఫ్ డ్రైవ్ పక్కన సముద్రం అంచున చిన్న ఇటుకల లైట్‌హౌస్ ఉంటది, మ్యూజియం అందులోనే, 1986 నుంచి. టికెట్ లేదు, తోచినంత డొనేషన్ వెయ్యొచ్చు. రోజంతా తెరిచి ఉంచరు కాబట్టి బయల్దేరేముందు టైమింగ్స్ చూసుకోండి, లేకపోతే తాళం చూసి రావాల్సిందే.

లోపలికెళ్ళగానే ఫోటోలు మొదలెట్టకండి, ముందు బాగా పాత బోర్డు ఏదో వెతికి అక్కణ్ణుంచి కొత్తవాటికి రండి. 1885లో ముగ్గురు హవాయి రాకుమారులు సెలవులకి ఈ ఊరొచ్చి, ఇక్కడి రెడ్‌వుడ్ చెక్కతోనే బోర్డులు చేయించుకుని శాన్ లొరెంజో నది సముద్రంలో కలిసేచోట అలలెక్కారు, అమెరికా మెయిన్‌ల్యాండ్‌లో సర్ఫింగ్ కథ మొదలైంది అక్కడే. (ఆ బోర్డుల్లో రెండు హవాయిలోని హోనలూలూ బిషప్ మ్యూజియంవి, ఇక్కడ వెతక్కండి.)

బోర్డుల్ని ముందునుంచి కాదు, తోక దగ్గర వంగి చూడాలి. పాతవాటికి కింద ఫిన్ (చేప రెక్కలాంటి చిన్న పలక) ఉండదు, పక్కకి జారిపోతుంటే కాలు నీళ్ళలో పెట్టి తిప్పుకోవాల్సిందే, 1935లో టామ్ బ్లేక్ అనే సర్ఫర్ ఫిన్ బిగించాకే అది పట్టుగా నిలబడింది. బరువు కూడా ఊహించుకోండి, పాత రెడ్‌వుడ్ పలకలు కొన్ని 40 కిలోల పైమాటే, 1950ల చివర్లో ఫోమ్ వచ్చాక గానీ చంకలో పెట్టుకుని నడిచే వస్తువు కాలేదు.

వెట్‌సూట్‌ల (నీళ్ళలో చలి ఆపే రబ్బరు సూట్ల) దగ్గర కాసేపు ఆగండి. ఇక్కడి నీళ్ళు ఎండాకాలంలో కూడా చల్లగానే ఉంటాయి, ఆ సూట్లు లేకపోతే గంటలు గంటలు అలల్లో ఉండటం కుదిరేది కాదు. వాటికి పేరు తెచ్చిన జాక్ ఓనీల్ ఫోటోల్లో కంటికి నల్ల పట్టీ ఉంటది కదా, స్టైల్ అనుకున్నా నేను... 1971లో సర్ఫర్‌ని బోర్డుతో కలిపే తాడు, అదే లీష్, రబ్బరులా సాగి, బోర్డు వెనక్కొచ్చి కంటికి తగిలిందంట!

అయిపోయాక నేరుగా కారెక్కకండి. బయట కంచె దగ్గర నిలబడితే కింద సర్ఫర్లు అలలెక్కే స్టీమర్ లేన్, ఇందాక గోడల మీద చూసిందంతా అక్కడ జరుగుతూనే ఉంటది, ఎవరైనా పడితే చీలమండ చూడండి, లీష్ అక్కడే కట్టుకుంటారు, అది లేని రోజుల్లో ఆ బోర్డు తిన్నగా రాళ్ళకి పోయి ముక్కలయ్యేది. కంచె మాత్రం దాటొద్దు, ఆ కొండంచు కోసుకుపోతుంటది.